ప్లగరిజం 8 శాతమే వచ్చింది సరే, పేపర్ బాగున్నట్టేనా?

క్లుప్తంగా: పీహెచ్‌డీకి పేపర్ అచ్చు కావాల్సిందే అన్న రూలు 2022లో పోయింది, యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఒప్పుకున్న జర్నల్స్ పేర్లుండే 'యూజీసీ-కేర్' లిస్టు 2025 ఫిబ్రవరిలో పోయింది, ఈ మధ్యలోనే ఏఐ కూడా వచ్చి కూసుంది. ఇగ స్టూడెంట్ పేపర్‌ని దేనితో కొలవాలె అన్న అయోమయం నల్లగొండ, పాలమూరు కాలేజీల్లో కూడా ఉంది. ఇన్నాళ్లు వాడిన ప్లగరిజం శాతం (కాపీ ఎంతుందో అని సాఫ్ట్‌వేర్ చూపే అంకె), ఇంపాక్ట్ ఫాక్టర్ (జర్నల్‌కు ఉండే అంకె), పేజీల లెక్క పేపర్ లోపలికి పోవు. లోపలికి పోవాలంటే టేబుల్‌కూ, శాంపిల్‌కూ, చివర్ల చెప్పిన మాటకూ పొత్తు కుదిరిందా లేదా చూడాలె, దానికి పెద్ద సాఫ్ట్‌వేర్లు అక్కర్లేదు, క్యాలిక్యులేటరూ కొంచెం ఓపికా చాలు.

బైండింగ్ సీజన్

సెమిస్టర్ ఆఖరుకు వచ్చిందంటే నల్లగొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌ల ఉన్న జిరాక్స్ సెంటర్లు, డీటీపీ షాపులు నిండిపోతయ్. డిగ్రీ ప్రాజెక్టుకు స్పైరల్ బైండింగ్, పీజీ డిసర్టేషన్‌కు హార్డ్ బైండింగ్, పీహెచ్‌డీ థీసిస్‌కు రెగ్జిన్ అట్ట మీద బంగారు రంగు అక్షరాలు. ఇట్ల తయారైన పుస్తకాలు డిపార్ట్‌మెంట్ బీరువాలోకి చేరేముందు ఒకరో ఇద్దరో వాటిని చదివి బాగుందో లేదో చెప్పాలె, చిక్కంతా అక్కడే ఉంది.

ఈ ప్రాంతంలో రీసెర్చ్‌కి సొంత చిరునామా వచ్చి ఎక్కువ కాలం కాలే. నల్లగొండల మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007ల, మహబూబ్‌నగర్‌ల పాలమూరు యూనివర్సిటీ 2008ల వచ్చినయ్, అంతకుముందు ఇక్కడి పిల్లలకు ఉస్మానియా పీజీ సెంటర్లో సీటన్నా దొరకాలె లేకుంటే హైదరాబాద్ బస్సన్నా ఎక్కాలె. ఇప్పుడు పీహెచ్‌డీ, పీజీ వాళ్లే గాక డిగ్రీ పిల్లలు కూడా చివరి సెమిస్టర్‌ల ప్రాజెక్టు వర్క్ చేస్తున్నరు, సర్కారు డిగ్రీ కాలేజీల్లో కాలేజియేట్ ఎడ్యుకేషన్ శాఖ 'జిజ్ఞాస' పేరుతో స్టడీ ప్రాజెక్టుల పోటీ పెడ్తది, దాంతో ఊరి చెరువు నుంచి మగ్గాల దాకా లోకల్ టాపిక్‌ల మీద పేపర్లు బాగనే వస్తున్నయ్. ఇంట్ల కాలేజీ గడప తొక్కిన మొదటి తరం పిల్లలు రాసేవి ఇందులో చానా ఉంటయ్. రాసేటోళ్లు పెరిగిన్రు, మరి చదివి మార్కులేసే పద్ధతి అంత పెరగలే.

లిస్టు ఉన్నప్పుడు, లిస్టు పోయినంక

కొంచెం వెనకకు పోవాలె. యూజీసీ 2017ల 'ఆమోదిత జర్నల్స్' అని పెద్ద లిస్టు పెట్టింది, అందులో పనికిమాలినవి మస్తు దూరినయ్ అని గొడవైతే 2018 మేలో ఒక్క దెబ్బకు 4,305 జర్నల్స్ తీసేసింది. అదే ఏడు చివర్ల కేర్ అనే కన్సార్టియం ప్రకటించి, 2019ల కొత్త లిస్టు తెచ్చింది. అప్పటి నుంచి స్కాలర్లకైనా గైడ్లకైనా పని ఈజీ అయింది, పేపర్ ఎట్లుందని ఎవ్వరూ అడగలే, కేర్ లిస్టుల ఉందా లేదా అని అడిగిన్రు అంతే. లిస్టు ఉన్నకాడ దాన్ని మోసం చేసే దారి కూడా ఉంటది గదా, నిజమైన జర్నల్ పేరూ ఐఎస్‌ఎస్‌ఎన్ అనే గుర్తింపు నంబరూ ఎత్తుకొచ్చి అట్లాంటిదే వెబ్‌సైట్ పెట్టి ఫీజు వసూలు చేసే క్లోన్ జర్నల్స్ పుట్టుకొచ్చినయ్.

2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆ లిస్టునే ఆపేసింది. జర్నల్ మంచిదా కాదా ఎట్ల చూడాలో కొన్ని సూచనలిచ్చి, నిర్ణయం మీదేనని యూనివర్సిటీలకు అప్పజెప్పింది. అంతకు ముందు 2022 నవంబర్ రెగ్యులేషన్స్‌ల పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేముందు పేపర్ అచ్చు కావాలన్న రూలు కూడా ఎత్తేసింది, 2016 రూల్స్ ప్రకారమైతే కనీసం ఒక పేపరు, రెండు కాన్ఫరెన్స్ ప్రెజెంటేషన్లు ఉండాల్సిందే. రూలు పోయింది గానీ అలవాటు పోలే, ఉద్యోగాల ఇంటర్వ్యూలల్ల, ప్రమోషన్లల్ల పేపర్ల లెక్క ఇప్పటికీ ఉంది కాబట్టి స్కాలర్లు పేపర్లు వేస్తనే ఉన్నరు. తేడా ఏందంటే ఇప్పుడు 'లిస్టుల ఉంది' అని తప్పుకునే వీలు లేదు, గైడో కమిటీనో ఎవరో ఒకరు చదివి చెప్పాలె.

డబ్బు తీసుకొని ఏదైనా అచ్చేసే జర్నల్స్ ఎంత దూరం పోతయో 2013ల 'సైన్స్' పత్రిక చేయించిన ఒక టెస్టుల బయటపడింది. కెమిస్ట్రీ తెలిసిన ఎవరికైనా కనపడే తప్పులు కావాలనే పెట్టి ఒక దొంగ పేపర్ తయారు చేసి 304 ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగ చదువుకునే) జర్నల్స్‌కు పంపితే 157 ఒప్పుకున్నయ్. పంపిన జర్నల్స్‌ల సుమారు మూడో వంతు మన దేశంలోనివే. అంటే అచ్చయింది అన్న మాట ఒక్కటే పట్టుకొని పేపర్‌కు మార్కులెయ్యడం ఎంత ప్రమాదమో చూస్కోవచ్చు.

సాఫ్ట్‌వేర్ చెప్పే శాతం దేని శాతం

ప్లగరిజం రిపోర్టు అని అందరూ అంటరు గానీ నిజానికి అది పోలిక రిపోర్టు. సాఫ్ట్‌వేర్ దగ్గర ఉన్న డేటాబేస్‌ల మాటల వరసతో ఈ పేపర్ల మాటల వరస ఎంత కలిసిందో చెప్తది, దొంగతనం జరిగిందా లేదా అన్నది దానికి తెల్వదు. యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు, 10 నుంచి 40 మధ్యల ఉంటే సరిచేసి ఆరు నెలల లోపల మళ్ల ఇవ్వాలె, 40 నుంచి 60 అయితే ఏడాది పాటు ఇవ్వనియ్యరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పేరు చెప్పి కోట్ చేసినవి, రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, చట్టాలు, స్టాండర్డ్ ఈక్వేషన్లు లెక్కలోకి రావు, అందరికీ తెలిసిన మాటలు వరసగ 14 పదాల దాకా కలిసినా వదిలేస్తరు.

ఇందులో రెండు రకాల పొరపాట్లు జరుగుతయ్. ఒకటి, తప్పు చెయ్యనోళ్లు చిక్కుకునుడు. కెమిస్ట్రీల మెథడ్స్ సెక్షన్ అందరిదీ ఒకే తీరుగ ఉంటది, ఒకే ప్రొసీజర్‌ని పది మంది పది రకాలుగ ఎట్ల రాస్తరు? రెండోది ఇంకా పెద్దది, చేసినోళ్లు తప్పించుకునుడు. మాటలు మార్చే సాఫ్ట్‌వేర్ల వేసి తీస్తే శాతం టక్కున పడిపోతది. దీన్ని పట్టిన ఫ్రాన్స్ పరిశోధకుడు గియోమ్ కబనాక్, ఆయన తోటివాళ్లు 2021ల 'టార్చర్డ్ ఫ్రేజెస్' అని పేరు పెట్టిన్రు, అంటే చిత్రహింస పడ్డ మాటలు అన్నట్టు. 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' అనాల్సిన చోట 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' (దొంగ స్పృహ) అని, 'బ్రెస్ట్ క్యాన్సర్' అనాల్సిన చోట 'బూజమ్ పెరిల్' (రొమ్ము గండం) అని అచ్చయిన పేపర్లు దొరికినయ్. సాఫ్ట్‌వేర్ లెక్కల అవి కొత్త మాటలే, పోలిక సున్నా. మనిషి చదివితే రెండో లైన్‌లనే నవ్వొస్తది, కాకపోతే చదవాలె గదా.

తెలుగుల రాసిన థీసిస్‌లకు ఇంకో తమాషా ఉంది. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్స్‌తో పేజ్‌మేకర్‌ల కొట్టేటోళ్లు ఉన్నరు. అట్లాంటి ఫైల్‌ల కంటికి తెలుగే కనిపిస్తది గానీ లోపల కంప్యూటర్‌కి అవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులు ఇష్టమొచ్చినట్టు కలిపిన గోల. సాఫ్ట్‌వేర్‌కి పోల్చుకునేందుకు ఏం దొరకదు, సున్నాకు దగ్గర్ల శాతం వస్తది, సర్టిఫికెట్ వచ్చేస్తది. ఇంగ్లీష్ పుస్తకంలోని చాప్టర్‌ని తెలుగు చేసి పెట్టినా దాదాపు అంతే. కాబట్టి తెలుగు, చరిత్ర, జర్నలిజం డిపార్ట్‌మెంట్లల్ల ఈ శాతం మీద పెట్టుకునే నమ్మకం తక్కువ ఉంటేనే మంచిది.

ఒక ఫ్లోరైడ్ పేపర్‌ని దగ్గర పెట్టుకొని చూస్తే

నల్లగొండ అంటే రీసెర్చ్‌ల ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌ల ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. కాబట్టి ఇక్కడి కెమిస్ట్రీ, జియాలజీ, ఎన్విరాన్‌మెంట్ పిల్లలు ఏటా ఈ టాపిక్ మీద పేపర్లు రాస్తరు. ఇట్లాంటిది ఒకటి ఊహించుకుందాం: మర్రిగూడ, మునుగోడు, చండూరు మండలాల 20 బోర్ల నీళ్లు తెచ్చి టెస్ట్ చేసిన్రు, సగటు ఫ్లోరైడ్ లీటరుకు 2.1 మిల్లీగ్రాములు వచ్చింది, బీఐఎస్ (దేశ ప్రమాణాల సంస్థ) ప్రకారం 1.0 దాకా ఉండొచ్చు, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటరు, కాబట్టి 'ఈ మండలాల ప్రజలు ప్రమాదంలో ఉన్నరు' అని ముగించిన్రు. ప్లగరిజం 8 శాతం, పేజీలు 64, బైండింగ్ నీట్‌గ ఉంది.

ఎగ్జామినర్ చూడాల్సిన మొదటి చోటు టేబుల్. పూర్తి వాటర్ అనాలిసిస్ ఇచ్చి ఉంటే క్యాలిక్యులేటర్ తీసుకొని ఒక్క వరస లెక్క చెయ్యొచ్చు. కాల్షియం మిల్లీగ్రాములను 20తో, సోడియంను 23తో, క్లోరైడ్‌ను 35.5తో, బైకార్బొనేట్‌ను 61తో, మిగతావాటిని కూడా అట్లనే వాటి వాటి ఈక్వివలెంట్ బరువుతో భాగించి, పాజిటివ్ అయాన్లన్నీ ఒక దిక్కు, నెగటివ్ అన్నీ ఒక దిక్కు కూడితే రెండు దిక్కులా దాదాపు ఒకే అంకె రావాలె, ఎందుకంటే నీళ్లకు మొత్తం మీద చార్జ్ ఉండదు. తేడా 5 శాతం లోపల ఉంటే బాగున్నట్టు, 10 దాకా సర్దుకోవచ్చు. 30 శాతం తేడా వస్తే ఎక్కడో కొలత తప్పింది లేదా ఏదో అయాన్ మర్చిపోయిన్రు. ఇరవైకి ఇరవై శాంపిల్స్‌లా తేడా అసలు లేకుండా గుండు సున్నా వస్తే అప్పుడు ఇంకా గట్టిగ అడగాలె, సోడియం నిజంగ కొలిచిన్రా లేక మిగిలిన దాన్ని సోడియం అని రాసుకున్రా అని. టీడీఎస్ (నీళ్లల్ల కరిగి ఉన్నవాటి మొత్తం) కాలమ్ కూడా ఇట్లాంటిదే, ప్రతి వరసలా అది కండక్టివిటీకి (నీళ్లల్ల కరెంటు ఎంత పారుతదో ఆ కొలతకు) సరిగ్గ 0.64 వంతు ఉందంటే టీడీఎస్‌ని విడిగ కొలవలే, మీటర్ లెక్కగట్టి చూపించింది. అది తప్పేం కాదు, ఆ ముక్క మెథడ్స్‌ల రాయకపోవుడు తప్పు.

ఇంకోటి, కాల్షియం బాగ ఉన్న నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువ నిలవదు, రెండూ కలిసి అడుగుకు దిగుతయ్, అందుకే ఈ గ్రానైట్ నేలల్లో సోడియం బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ ఉన్న నీళ్లల్లనే ఫ్లోరైడ్ ఎక్కువ కనపడ్తది. ఒకే శాంపిల్‌ల కాల్షియమూ, ఫ్లోరైడూ రెండూ బాగ ఎక్కువ ఉన్నయంటే ఆ శాంపిల్ మళ్ల చూడాల్సిందే. నీళ్లు ఏ సీసాల పట్టిన్రు అన్నది కూడా అడగాలె, ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసా వాడాలని పద్ధతి, గాజు సీసా అని రాసుంటే ఎందుకని అడగొచ్చు. ఎండాకాలం పట్టిన్రా, వానలు పడ్డంక పట్టిన్రా, బోరు లోతెంత, ఇవన్నీ ఒక చిన్న టేబుల్‌ల ఉండాల్సిన సంగతులు.

ఇవన్నీ సరిగ్గ ఉన్నా ఆఖరు వాక్యం దగ్గర పేపర్ జారిపోవచ్చు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినంక బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎంత అన్న ప్రశ్న వేరు, జనం తాగే నీళ్లల్ల ఎంత అన్న ప్రశ్న వేరు (ఆ పథకం పైలాన్ నల్లగొండ దిక్కే, చౌటుప్పల్ దగ్గర ఉంది, పిల్లలకు తెలియంది కాదు). బోరు నీళ్లు తెచ్చి 'ప్రజలు ప్రమాదంలో ఉన్నరు' అనాలంటే ఆ ఊళ్ల ఎంతమంది ఆ బోరు నీళ్లు తాగుతున్నరో, వంటకు వాడుతున్నరో, పశువులకే పెడుతున్నరో కనుక్కోవాలె. 'ఈ 20 బోర్లల్ల ఇన్నింటిలో ఫ్లోరైడ్ 1.5 దాటింది' అని ఆగితే అది చిన్న మాటే గానీ నిలబడే మాట. చిన్న మాట చెప్తే మార్కులు తక్కువ పడ్తయేమో అన్న భయంతోనే పిల్లలు పెద్ద మాటలకు పోతరు, ఆ భయం పెట్టింది మార్కులేసే పద్ధతే.

40 మందిలో 34 శాతం ఎట్ల అయితరు

కామర్స్, ఎకనామిక్స్, సోషియాలజీ, ఎంబీఏ పేపర్లల్ల ల్యాబ్ ఉండదు, క్వశ్చనేర్ ఉంటది. ఇక్కడ చూసే లెక్క ఇంకా ఈజీ. 40 మందిని అడిగిన్రు, అందులో 34 శాతం 'అవును' అన్నరు అని రాసుంటే 40లో 34 శాతం 13.6 మంది, ఆ 0.6 మనిషి ఎవరు? 40 మందైతే శాతాలన్నీ రెండున్నర చొప్పునే పెరగాలె, 32.5 తర్వాత 35. సగటుకూ ఇదే సూత్రం. ఒకటి నుంచి అయిదు దాకా పాయింట్లు ఇచ్చే ప్రశ్నకు 40 మంది సగటు 3.61 అని రాస్తే, దాన్ని 40తో గుణిస్తే 144.4 వస్తది, మనుషులు ఇచ్చింది నిండు పాయింట్లు కదా, 144 అయితే 3.60, 145 అయితే 3.625, 3.61 రానే రాదు. నిక్ బ్రౌన్, జేమ్స్ హీథర్స్ అనే ఇద్దరు దీన్ని 'గ్రిమ్ టెస్ట్' అని ప్రచారంలోకి తెచ్చిన్రు, పేరు పెద్దగ ఉంది గానీ చేసేది ఒక గుణకారం. అయితే లెక్క తప్పిన ప్రతిదీ మోసమని అనుకోవద్దు, నలుగురు ఆ ప్రశ్న వదిలేసి ఉండొచ్చు, అప్పుడు 36 మందికి లెక్క, 36 మందికి 130 పాయింట్లు వస్తే సగటు 3.61 చక్కగ కుదురుతది. అట్లయితే టేబుల్ కింద 36 అని రాయాలె. అడిగితే నిజంగ సర్వే చేసిన పిల్ల టక్కున చెప్తది, 'సార్, మసీదు గల్లీల నలుగురు ఆ ప్రశ్నకు జవాబియ్యలే' అని. చెయ్యని వాళ్లు గైడ్ దిక్కు చూస్తరు.

శాంపిల్ సైజు దగ్గర ఇంకో ఆచారం నడుస్తంది. ఎంతమందిని అడగాలో చెప్పే యమనే ఫార్ములా వేస్తరు, జనాభా 9 లక్షలు, తప్పు 5 శాతం, సుమారు 400 వస్తది, అది పేజీల నిండుగ చూపించి, తర్వాతి పేరాల 'టైమ్ తక్కువ ఉన్నందున 100 మందిని తీసుకున్నం' అని రాస్తరు. ఫార్ములా ఎందుకు వేసినట్టు మరి? పైగా ఆ ఫార్ములా పనిచేసేది శాంపిల్‌ను లాటరీ తీసినట్టు తీస్తేనే, బస్టాండ్ దగ్గర దొరికినోళ్లకు, తెలిసిన వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ఫామ్ పంపినోళ్లకు అది వర్తించదు. దొరికినోళ్లనే అడిగినం అని ఉన్నది ఉన్నట్టు రాస్తే ఆ పేపర్ విలువ ఏం తగ్గదు, ఎవరికి వర్తిస్తదో తెలుస్తది అంతే.

ఏ పాలమూరు?

ఈ ప్రాంతం పేపర్లల్ల ప్రత్యేకంగ కనపడే తప్పు ఒకటి ఉంది, బయటి ఎగ్జామినర్లకు తట్టకపోవచ్చు. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినయ్. పాత నల్లగొండ నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అయింది, పాత మహబూబ్‌నగర్‌ల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల పోయినయ్, షాద్‌నగర్ దిక్కు రంగారెడ్డిల కలిసింది, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరైంది. 2011 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ అంటే 40 లక్షల పైచిలుకు జనం, ఇప్పటి మహబూబ్‌నగర్ అంటే అదే 2011 లెక్కల ప్రకారం సుమారు 9 లక్షలు. స్టూడెంట్ 2011 పుస్తకంలోంచి పాత జిల్లా అంకె తెచ్చి, పక్కనే ఈమధ్యటి స్టాటిస్టికల్ హ్యాండ్‌బుక్ నుంచి కొత్త జిల్లా అంకె పెట్టి 'పదేండ్లల్ల ఇంత తగ్గింది' అని గ్రాఫ్ గీస్తే, తగ్గింది జిల్లా సరిహద్దే, ఇంకేం కాదు. చదువుకునే పిల్లల సంఖ్య అయినా, మగ్గాల సంఖ్య అయినా ఇంతే. గద్వాల చీరలు, నారాయణపేట చీరలు ఒకప్పుడు ఒకే జిల్లా ఖాతాల పడేవి, పోచంపల్లి నల్లగొండ ఖాతాల ఉండేది, ఇప్పుడు మూడూ మూడు వేరే జిల్లాల్లో ఉన్నయ్. పేపర్‌ల 'ఉమ్మడి జిల్లా' అనే మాట కనపడ్తదా లేదా అన్నది చూస్తే చాలు, రాసినోళ్లకు ఈ సంగతి తెలుసో లేదో అర్థమైతది.

వలస మీద పేపర్లల్ల చిక్కు ఇంకో రకం. పాలమూరు లేబర్ అన్న పేరే దేశంలో డ్యాములు, కాల్వలు కట్టినకాడ పుట్టింది, కాబట్టి ఈ టాపిక్ ఇక్కడి పిల్లలది. అయితే సర్వే ఎప్పుడు చేసిన్రు అన్నదాని మీద అంతా ఆధారపడ్తది. పంట పని అయిపోయినంక మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని ముంబై, పుణె పోయినోళ్లు వానకాలం ముందు దాకా తిరిగి రారు. సంక్రాంతి సెలవుల్లో ఊరికి పోయి ఇంటింటికీ తిరిగితే దొరికేది ముసలోళ్లు, చిన్నపిల్లలు, పోనోళ్లు. వలస పోయినోళ్ల గురించి పోనోళ్లను అడిగి రాసిన పేపర్ అది, టేబుల్స్ ఎంత శుభ్రంగ ఉన్నా, కై-స్క్వేర్ అనే స్టాటిస్టిక్స్ టెస్టు ఎంత బాగ వచ్చినా. జూన్‌ల చేస్తే కథ వేరే వస్తది. ఫీల్డ్ వర్క్ తేదీలు పేపర్‌ల లేవంటే దాన్ని అంచనా వేసే దారే లేదు.

ఇంపాక్ట్ ఫాక్టర్ ఎవరి ఫాక్టర్

దీని గురించి ఎక్కువ చెప్పే పని లేదు. యూజీన్ గార్‌ఫీల్డ్ మొదలుపెట్టిన ఈ లెక్క జర్నల్‌ది, పేపర్‌ది కాదు. 2024 అంకె కావాలంటే 2022, 2023ల ఆ జర్నల్‌ల వచ్చిన పేపర్లకు 2024ల ఎన్ని సైటేషన్లు (వేరే పేపర్లల్ల ప్రస్తావనలు) వచ్చినయో చూసి, ఆ రెండేండ్ల పేపర్ల సంఖ్యతో భాగిస్తరు. నాలుగైదు పేపర్లకు వందల సైటేషన్లు వచ్చి మిగతావాటికి ఒకటో రెండో వచ్చినా సగటు పెద్దగనే కనపడ్తది, ఆ సగటును అందరూ తమదే అని చెప్పుకుంటరు. క్లాస్ టాపర్‌కి 98 వస్తే పక్క బెంచీ పిల్లగాడు సంబరపడ్డట్టు. 2012ల శాన్‌ఫ్రాన్సిస్కోల శాస్త్రవేత్తలు, ఎడిటర్లు కూసొని రాసుకున్న 'డోరా' ప్రకటన ఒక్కో పేపర్‌ని, ఒక్కో మనిషిని ఈ అంకెతో కొలవొద్దని స్పష్టంగ చెప్పింది. అసలు అంకె ఇచ్చేది క్లారివేట్ అనే సంస్థ, దానితో సంబంధం లేకుండా ఏవేవో పేర్లతో 'ఇంపాక్ట్ ఫాక్టర్ 7.8' అని హోమ్ పేజీల మెరిసే జర్నల్స్‌కు స్కాలర్లు ఫోన్‌పే కొట్టి మూడు రోజుల్లో యాక్సెప్టెన్స్ లెటర్ తెచ్చుకుంటున్నరు. మూడు రోజుల్లో ఇద్దరు రివ్యూయర్లు చదివి, రాసి, ఎడిటర్ చూసి ఒప్పుకున్రంటే నమ్మేటట్టు ఉందా?

ఏఐ రాసిందా, పిల్లగాడే రాసిండా

ఇప్పుడు స్టాఫ్‌రూమ్‌లల్ల ఎక్కువ నడిచే చర్చ ఇది. ఏఐ డిటెక్టర్ 70 శాతం చూపించింది కాబట్టి రిజెక్ట్ అనే ధోరణి మొదలైంది, అది ప్లగరిజం శాతం కంటే బలహీనమైన సాక్ష్యం. ప్లగరిజం రిపోర్టుల కనీసం ఏ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో పక్కన చూపిస్తది, మనం పోయి చూస్కోవచ్చు, డిటెక్టర్ అట్ల ఏం చూపియ్యదు, వాక్యం ఎంత ఊహించినట్టుగ ఉందో చూసి అంచనా కడ్తది అంతే. ఓపెన్‌ఏఐ తన సొంత డిటెక్టర్‌ని 2023 జనవరిలో పెట్టి, సరిగ్గ పనిచేస్తలేదని అదే ఏడు జూలైలో తీసేసింది. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2023ల చూస్తే, ఇంగ్లీష్ మాతృభాష కానోళ్లు టోఫెల్ అనే ఇంగ్లీష్ పరీక్ష కోసం సొంతంగ రాసిన వ్యాసాల్లో సగానికి పైగా వాటిని డిటెక్టర్లు ఏఐ రాసిందని చెప్పినయ్. కారణం తేలికే, భాష కొత్తగ నేర్చినోళ్లు తెలిసిన మాటలతో, సాఫీ వాక్యాలతో రాస్తరు, డిటెక్టర్‌కి అదే మిషన్ రాసినట్టు కనపడ్తది. తెలుగు మీడియంల చదివి పీజీల ఇంగ్లీష్‌ల రాయాల్సి వచ్చిన దేవరకొండ పిల్లకో, మక్తల్ పిల్లగానికో ఈ డిటెక్టర్ ఏం న్యాయం చేస్తది?

ఏఐ వాడకాన్ని పట్టేందుకు ఇంకా గట్టి గుర్తు రిఫరెన్సుల దగ్గర ఉంది. ఈ మోడల్స్ లేని పేపర్లను ఉన్నట్టు అల్లి రాస్తయ్, రచయిత పేరు నిజం, జర్నల్ నిజం, పేపర్ మాత్రం ఉండదు. లిస్టుల నుంచి ఏవో అయిదు తీసుకొని డీఓఐ (ఒక్కో పేపర్‌కు ఉండే గుర్తింపు) నంబర్ కొట్టి చూస్తే పావుగంట పని. రెండు దొరకలేదంటే మొత్తం లిటరేచర్ రివ్యూని అనుమానించాల్సిందే. దొరికినవాటిలో కూడా ఒకటి తెరిచి ఈ పేపర్ చెప్పిన మాట అందులో ఉందా చూడాలె, ఎందుకంటే ఏఐ రాకముందు నుంచే పాత థీసిస్‌ల రిఫరెన్సులు కొత్త థీసిస్‌లకు వలస పోవుడు ఇక్కడ ఆనవాయితీ, ఒకరు చేసిన స్పెల్లింగ్ తప్పు అయిదు థీసిస్‌లల్ల అట్లనే కనపడ్తది.

అందరికీ ఒకే గజం పెడితే

డిగ్రీ పిల్లల ప్రాజెక్టుల కొత్తదనం వెతికితే దొరకదు, వెతకాల్సిన పని కూడా లేదు. అక్కడ చూడాల్సింది ప్రశ్న చిన్నగ, స్పష్టంగ ఉందా, చేసిన పని చేసినట్టు రాసిన్రా అన్నది. పీజీల పద్ధతి ఎంచుకున్న కారణం చెప్పగలగాలె. పీహెచ్‌డీల అయితే ఇంతకు ముందు తెలియంది ఏదో ఒకటి, చిన్నదైనా సరే, తేలాలె. ఆచరణల ఇది తలకిందులు అయితది, డిగ్రీ పిల్లల్ని 'ఇందులో కొత్తేముంది' అని అడుగుతరు, పీహెచ్‌డీ వైవాల 'అక్షర దోషాలున్నయ్, సరిచేస్కోండి' అని ముగిస్తరు. రూల్స్ ప్రకారం పీహెచ్‌డీ థీసిస్‌ని గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి ఎగ్జామినర్లు చూడాలె, వైవా అందరి ముందు జరగాలె, ఏర్పాటు అయితే గట్టిదే. డిగ్రీ ప్రాజెక్టుల దగ్గరే అసలు ఇబ్బంది, ఒక లెక్చరర్ చేతికి కట్టలు కట్టలు వస్తయ్, ఎక్స్‌టర్నల్ పొద్దున వచ్చి సాయంత్రం బస్సుకు పోవాలె, ఒక్కో గ్రూపుకు పది నిమిషాలు కూడా దొరకవు. అంత తక్కువ టైమ్‌ల ఎవరైనా చూసేది పేజీలు, అట్ట, పిల్లలు వేసుకొచ్చిన ఫార్మల్ డ్రెస్సే.

ఆ పది నిమిషాలనే వేరే తీరుగ వాడుకునే వీలుంది. పేపర్ మొత్తం తిరగేసే బదులు ముందు ఆఖరు పేజీల ఉన్న కన్‌క్లూజన్ ఒక్క వాక్యం చదివి, దానికి ఆధారమైన టేబుల్ ఏదో పిల్లల్నే చూపియ్యమనడం, ఆ టేబుల్‌ల ఒక అంకె మీద వేలు పెట్టి ఇది ఎట్ల వచ్చిందో మొదటి నుంచి చెప్పమనడం. గ్రూప్ ప్రాజెక్టు అయితే వెనక నిలబడ్డ ఆఖరు పిల్లని అడగడం. నింపిన క్వశ్చనేర్ల కట్ట, ఫీల్డ్ నోట్‌బుక్, ల్యాబ్ రీడింగులు పేపర్‌తో పాటు తేవాలని ముందే నోటీస్ బోర్డు మీద పెడితే ఈ ప్రశ్నలు సగం వాటంతట అవే తీరిపోతయ్, తేవాల్సి వస్తదని తెలిస్తే చేసేటప్పుడే చేతికి భయం ఉంటది.

ముందు ముందు ఏం కావచ్చు

లిస్టు లేనందున కొన్నాళ్లు యూనివర్సిటీకో తీరు, డిపార్ట్‌మెంట్‌కో తీరు నడుస్తది, ఒకదాంట్ల ఒప్పుకున్న జర్నల్ ఇంకోదాంట్ల చెల్లదు, దాని మీద తకరార్లు వస్తయ్. స్కోపస్ అనే అంతర్జాతీయ జర్నల్ డేటాబేస్‌నే కొత్త లిస్టుగ పట్టుకునే ధోరణి అప్పుడే కనిపిస్తంది, అట్ల చేస్తే తెలుగుల, లోకల్ చరిత్ర మీద రాసేటోళ్లకు తలుపులు మూసుకుంటయ్, ఎందుకంటే అందులో తెలుగు జర్నల్స్ దాదాపు కనపడవు. అచ్చు తప్పనిసరి కాకపోవడం వల్ల డబ్బు కట్టి అచ్చేసుకునే అవసరం స్కాలర్లకు కొంత తగ్గాలె, ఉద్యోగాల దగ్గర పేపర్ల లెక్క అట్లనే ఉన్నంత కాలం పూర్తిగ తగ్గదు. థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌ల అందరికీ కనపడేటట్టు ఉంటున్నయ్ కాబట్టి పదేండ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు తెరిచి 40 మందిలో 34 శాతం లెక్క చేసే అవకాశం ఉంది. డిగ్రీ ప్రాజెక్టులకు ఆ అవకాశం లేదు, అవి బీరువాల నుంచి స్టోర్‌రూమ్‌కు, అక్కడి నుంచి కిలోల లెక్కన పాత పేపర్లోని దగ్గరికి పోతయ్, వాటితో పాటే మర్రిగూడ బోర్ల రీడింగులు, కోస్గి వలస కుటుంబాల జవాబులు కూడా. వచ్చే ఏడు ఇంకో బ్యాచ్ అదే బోరు దగ్గరికి సీసా పట్టుకొని పోతది, పోయినేడు అంకె ఎంతో దానికి తెల్వదు.